రాజ్యం మనకు అండా, ఇంకో ఇంటిపెద్దా?

అనంతపురం అధ్యాపకురాలు:
రాజనీతిశాస్త్రం తరగతిలో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. "మేడమ్, ఉచిత బస్సులో కాలేజీకి వస్తున్నాను. మా అన్న కొట్టాడని స్టేషన్‌కు వెళ్తే ఇంట్లో సర్దుకోమని పంపేశారు. ఈ రెండూ చేసింది ఒకే ప్రభుత్వమేనా?" స్త్రీవాదంలో ఇది పాత తగువే. సంక్షేమ రాజ్యం స్త్రీలకు అనుకూలంగా మారగలదని 1980లలో నార్వేలో రాజనీతి పరిశోధకురాలు హెల్గా హెర్నెస్ వాదించారు. చట్టం స్త్రీని మగవాడి కళ్లతోనే చూస్తుందని అదే దశాబ్దంలో అమెరికాలో న్యాయశాస్త్ర పండితురాలు కాథరిన్ మెకినన్ అన్నారు. మన సీమ ఆడవాళ్ల అనుభవం ఏమి చెబుతోంది?

కర్నూలు న్యాయవాది:
నమ్మవద్దని చెబుతోంది. 1978లో హైదరాబాద్‌లో రమీజాబీపై పోలీసులే అత్యాచారం చేశారు. వాళ్ల దెబ్బలకు ఆమె భర్త చనిపోయాడు. విచారణ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. అయినా కేసు రాయచూరు కోర్టుకు మారి, నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు.

సారా సంగతి చూడండి. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో ప్యాకెట్లను ఊరూరా చేర్చింది ప్రభుత్వమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న ఉద్యమం మన జిల్లాలకూ పాకింది. ఆడవాళ్లు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో సారాను నిషేధించినప్పుడు ముఖ్యమంత్రి మా జిల్లాకే చెందిన కోట్ల విజయభాస్కరరెడ్డి. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆడవాళ్లు వీధికెక్కి సాధించుకున్నది ఖజానా లెక్కల ముందు రెండేళ్ల పైన కొద్ది నెలలే నిలిచింది.

నార్పల రైతుబిడ్డ:
అక్కా, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ మా అమ్మ బతుకు వేరే మాట చెబుతుంది. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మా మండలంలోని బండ్లపల్లిలోనే మొదలైంది. అంతకుముందు వేరుశనగ పీకే పనికి మగవాళ్లకు ఒక కూలి, మా అమ్మకు అంతకన్నా తక్కువ. ఉపాధి పనిలో ఇద్దరికీ ఒకటే లెక్క. ఆ లెక్క చూశాకే ఆమె పొలం యజమానిని నిలదీయగలిగింది. ఏ సంఘమూ మా ఊరికి రాలేదు. ఆ ధైర్యం చట్టం ఇచ్చిందే.

కడప అంగన్‌వాడీ కార్యకర్త:
చట్టం మీ అమ్మగారికి ఇచ్చిన ఆ లెక్క మాకు ఇవ్వలేదు తమ్ముడూ. అంగన్‌వాడీ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. నేటికీ మాకు జీతం లేదు, 'గౌరవ వేతనం' ఉంది. ఉద్యోగులం కామట, సేవకులమట. 2023 డిసెంబరులో సమ్మెకు దిగితే మా మీద ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించారు. జీతం అడిగిన రోజు సేవకులం, పని ఆపిన రోజు అత్యవసర సిబ్బంది! బిడ్డలకు అన్నం పెట్టడం ఆడదాని సహజ గుణమని ఇంట్లో అంటారు. ప్రభుత్వం అదే మాటను జీవోలో రాసింది, అంతే తేడా.

అనంతపురం అధ్యాపకురాలు:
మీ చివరి మాట దగ్గరే నేనూ ఆగాను. రాజ్యం ఇల్లు అనే నమూనాను వదలలేకపోతోంది. తమ్ముడూ, మీ అమ్మగారికి సమాన కూలి ఇచ్చిన ఆ చట్టమే వంద రోజుల హామీని మనిషికి కాక కుటుంబానికి ఇచ్చింది. జాబ్ కార్డు కూడా ఇంటికి ఒకటే.

ఈ జిల్లాలో అప్పుల పాలై ప్రాణం తీసుకున్న రైతుల భార్యలను చాలామందిని కలిశాను. విత్తనం నుంచి కాయ ఒలిచే దాకా సేద్యం చేసింది ఆమె. పాసుపుస్తకం ఆయన పేరున. కౌలు భూమి అయితే ఆ కాగితమూ ఉండదు. పరిహారం కావాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి ఉన్న త్రిసభ్య కమిటీ ముందు, భర్త రైతేననీ అప్పు సేద్యానిదేననీ చూపాలి. ఆమె రైతా కాదా అని అడిగే గడి ఆ కాగితాల్లో లేదు. దుఃఖంలో ఉన్న మనిషిని అలా నిలబెట్టి ప్రశ్నించడం చూస్తే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

అయినా రాజ్యాన్ని వదిలేద్దామంటే ఒప్పుకోను. మనం వదిలితే ఆ కుర్చీలో కులపెద్దలు కూర్చుంటారు, వాళ్ల పంచాయితీలు మనం చూడనివి కావు. అడగాల్సింది కుటుంబం పేరిట దయ కాదు, మనిషి పేరిట హక్కు. పట్టా, పని దినాలు, జీతం అన్నీ ఆమె పేరునే.

కర్నూలు న్యాయవాది:
అలా అడిగితే నేనూ మీతోనే ఉంటాను. నమ్మకం మాత్రం అప్పుగా కూడా ఇవ్వను.

మీ విద్యార్థిని సంగతికి వస్తాను. 2005 గృహహింస చట్టం భార్యలకే కాదు, అన్న చేతిలో దెబ్బలు తిన్న చెల్లెలికీ వర్తిస్తుంది. పోలీసులు తిప్పి పంపినా ఆమె నేరుగా మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా వేయాలని చట్టంలోనే ఉంది. ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది, చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప వెళ్లగొట్టలేరు. దెబ్బలకు ఆసుపత్రి చీటీ ఉంటే దాచమనండి. ఆ అమ్మాయికి ఇష్టమైతేనే నాతో మాట్లాడించండి, దరఖాస్తు నేను రాస్తాను.