పిండి పులిసిందా, పొంగిందా?

అందరికీ నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఒక్క మాట దగ్గర మా ఇంట్లో ముగ్గురూ మూడు రకాలుగా అంటున్నారు. మీ ఇళ్లల్లో ఏమంటారో తెలుసుకోవాలని రాస్తున్నాను.

వేసవి సెలవులు కదా అని పిల్లలిద్దరితో ఇంట్లోనే బ్రెడ్ చేయడం మొదలుపెట్టాను. పెద్దాడికి పదేళ్లు, చిన్నదానికి ఏడు. పాళ్లు తేలికే: పావుకిలో మైదా, పావుకిలో గోధుమపిండి, సుమారు 320 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లు, చిన్న చెంచాతో చెంచాన్నర ఈస్టు, అంతే ఉప్పు, ఒక చెంచా పంచదార, రెండు చెంచాల నూనె. పిల్లలు వంతులవారీగా పది నిమిషాలు పిసికారు. గిన్నెలో పెట్టి తడిగుడ్డ కప్పాం. చలికాలంలో గంట దాటినా లేవని పిండి, ఈ మే నెల ఉక్కకి ముప్పావుగంటకే గిన్నె అంచుదాకా వచ్చేసింది.

చిన్నది గుడ్డ ఎత్తి చూసి "అమ్మా, పిండి పొంగిపోయింది!" అని అరిచింది. పెరట్లోంచి మా అత్తయ్యగారు "పొంగడానికి అదేమన్నా పాలా? పులిసింది అనాలమ్మా" అన్నారు. పెద్దాడు ముక్కు దగ్గర పెట్టుకుని "పులిసిన వాసన రావట్లేదు మామ్మా" అన్నాడు. నాకు ఏది దిద్దాలో తెలియలేదు. పొంగిందా, పులిసిందా? అసలు ఈ పనికి తెలుగులో సరైన మాట ఏది?

అమలాపురం నుంచి ఒక సభ్యురాలు:

అత్తయ్యగారు అన్నదే మా ఇంట్లో మాటండి. పొట్టిక్కలకి రాత్రి పిండి రుబ్బి పెడతాం, పొద్దున్న మూత తీసి "బాగా పులిసింది" అనుకుని పనసాకు బుట్టల్లో వేస్తాం. గిన్నె దాటి గట్టు మీదికి కారితే మాత్రం "పిండి పొంగిపోయింది" అంటాం. అంటే పులవడం మంచిది, పొంగడం పని పెంచేది. మీ పాప అన్నది తప్పని నేననను. ఆ పిల్ల కంటితో చూసింది చెప్పింది, మీ అత్తయ్యగారు చెయ్యి తిరిగిన మాట చెప్పారు.

తణుకు నుంచి:

మేం "ఉబ్బింది" అంటామండి.

నేను:

ఉబ్బడం కూడా మా చిన్నది అని చూసింది. కానీ ఆ మాట వినగానే నాకు కడుపు ఉబ్బరమో, దెబ్బ తగిలి వాచిన చెయ్యో గుర్తొస్తుంది. తినే వస్తువుకి ఎందుకో మనసొప్పలేదు. పూరీకి కూడా పొంగింది అనే అంటాం కదా.

రాజమండ్రి నుంచి, సైన్సు చెప్పే ఒక మాస్టారు:

ఈ ప్రశ్న నాకు చాలా నచ్చిందమ్మా. జవాబు మాటలో కన్నా ముందు గిన్నెలో ఉంది, అక్కణ్నుంచి మొదలుపెడతాను.

ఇడ్లీపిండిలో ఎక్కువ పని చేసేది బ్యాక్టీరియా. ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ జాతిది. అది మినప్పప్పు, బియ్యపురవ్వల్లోని చక్కెరలు తిని ఆమ్లాన్నీ, కార్బన్ డయాక్సైడ్ వాయువునీ రెండింటినీ వదులుతుంది. ఆమ్లం వల్ల పులుపు, వాయువు వల్ల పొంగు. రెండూ ఒకే రాత్రి, ఒకే గిన్నెలో, కలిసే జరుగుతాయి. కాబట్టి మన ఆడవాళ్లకి రెండు మాటలతో పని పడలేదు. పులిసింది అంటే పొంగడం కూడా అందులోనే వచ్చేసింది.

మీరు వేసిన ఈస్టు వేరే జీవి, శిలీంధ్రం. అది చక్కెర తిని వాయువునీ, కొద్దిగా ఆల్కహాలునీ ఇస్తుంది, ఆమ్లం నామమాత్రం. ఆ వాయువు గోధుమలోని గ్లూటెన్ జిగురులో బుడగలుగా చిక్కుకుంటుంది. అందుకే ముప్పావుగంటలో పిండి రెట్టింపు అవుతుంది కానీ పుల్లబడదు. మీ అబ్బాయి ముక్కు సరిగ్గానే చెప్పింది. మనకి ఎప్పుడూ జంటగా కనబడే రెండు పనులు మీ గిన్నెలో విడిపోయాయి. అందుకే మీ ఇంట్లో మాట దగ్గర పేచీ వచ్చింది.

పులి అనే ధాతువు తమిళంలోనూ ఉంది, కన్నడంలో అదే హుళి. అర్థం పులుపే. పులిహోర, పులుసు, పులిసిన మజ్జిగ అన్నీ ఆ కుదురువే. పొంగుకి తమిళంలో తోబుట్టువు ఉంది, పొంగల్ అందులోంచి వచ్చిందే. మన పొంగలీ అంతే. ఒకటి రుచి చెప్పే మాట, ఒకటి కదలిక చెప్పే మాట. గోదారి పొంగింది అంటాం కానీ పులిసింది అనం కదా!

పాఠ్యపుస్తకాల్లో దీన్ని కిణ్వనం అంటాం. కిణ్వం అంటే మద్యం తయారీలో వేసే పులియబెట్టే సరుకు, కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి, అంటే మద్యం వ్యవహారాలు చూసే అధికారి, ప్రకరణంలోనే ఆ మాట ఉంది. పరీక్షలో రాయడానికి మంచి మాటే. వంటింట్లో మాత్రం పిల్లల నోరు తిరగదు.

నేను:

మాస్టారూ, మీ జవాబు ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. అత్తయ్యగారు ఒక మాటన్నారు, అది కూడా పెడుతున్నాను. "తాటికల్లు పొద్దున్న తియ్యగా ఉంటుంది, ఎండెక్కితే నురగ కట్టి పులుస్తుంది. దాన్ని కూడా పులిసిందనే అంటాం కదా, మరి అందులో ఏముంటుంది?"

రాజమండ్రి మాస్టారు:

ఆవిడకి నా నమస్కారం చెప్పండి. కల్లులో ఈస్టూ ఉంటుంది, బ్యాక్టీరియా కూడా ఉంటుంది. ఈస్టు నురగ కడుతుంది, బ్యాక్టీరియా పుల్లబరుస్తుంది. గోవాలో రొట్టెలు చేసేవాళ్లు పూర్వం కొబ్బరికల్లునే పిండిలో పోసి పొంగించేవారు. డెల్టాలో ఇన్ని తాళ్లూ, ఇంత కొబ్బరీ ఉన్నా మనకి ఆ పని పడలేదు, ఎందుకంటే గోధుమ లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక ఈ నేలంతా వరి అయింది. బియ్యంలో గ్లూటెన్ లేదు, పిసికితే సాగదు. అందుకే మన వంటింటి మాటలన్నీ నానబెట్టడం, రుబ్బడం, జారుగా కలపడం చుట్టూ ఉంటాయి.

నరసాపురం నుంచి:

నేను చర్చిలో ఆదివారం బడి చెబుతాను. తెలుగు బైబిలులో "పులియని రొట్టెల పండుగ" అని ఉంది. పిల్లలు ప్రతి ఏడూ అడుగుతారు, రొట్టె పులవడమేంటి టీచర్, పాడవుతుందా అని. వాళ్లకి తెలిసిన బ్రెడ్డు పుల్లగా ఉండదు మరి. మాస్టారు చెప్పింది చూశాక నాకు అనుమానం వచ్చింది. అనువాదం చేసినవాళ్లు పొరపాటు పడ్డారా?

రాజమండ్రి మాస్టారు:

పొరపాటు కాదండి. ప్యాకెట్టులో ఈస్టు దొరకడం ఈమధ్య సంగతి. ఆ కాలంలో నిన్నటి పిండిలోంచి ఒక ముద్ద దాచి ఇవాళ్టి పిండిలో కలిపేవారు. అందులో ఈస్టుతో పాటు బ్యాక్టీరియా కూడా పెరిగేది. ఆ ముద్ద నిజంగానే పుల్లగా ఉంటుంది. ఇప్పుడు నగరాల్లో సోర్‌డో అని అమ్మేది అదే పద్ధతి. కాబట్టి పులిసిన పిండి, పులియని రొట్టె అన్న మాటలు ఆ రొట్టెకి అక్షరాలా సరిపోతాయి.

రాజోలు నుంచి:

నిన్నటి ముద్ద దాచి కలపడం అన్నారు చూడండి, దానికి మన దగ్గర మాట ఉంది కదండీ! పాలల్లో నిన్నటి పెరుగు వేస్తే తోడు పెట్టాం అంటాం. పిండికి కూడా అదే పని కదా. తోడుపిండి అంటే సరిపోదా?

నేను:

ఇది చదివి కాసేపు అలా ఉండిపోయాను. ఈస్టుకి తెలుగు ఏంటని వారం నుంచి తల బద్దలు కొట్టుకుంటున్నాను, మాట మా ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె పక్కనే ఉంది. తోడు అంటే ఒక్కటే ఉండకుండా పక్కన ఇంకొకటి అని కూడా కదా. చిన్నదానికి ఒక్కసారి చెప్పాను, మళ్లీ అడగలేదు.

ఒక సంగతి చెప్పలేదు, రెండోసారి చేసినప్పుడు మా పిండి అసలు లేవలేదు. నీళ్లు త్వరగా వేడెక్కాలని పెద్దాడు మరిగించి, సరిగ్గా చల్లారకుండానే పోసేశాడు. 55, 60 డిగ్రీల దగ్గర ఈస్టు చచ్చిపోతుంది. రెండు గంటలు చూసినా ముద్ద ముద్దలాగే ఉంది. వాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అత్తయ్యగారు దగ్గరికి తీసుకుని "వేడిపాలల్లో తోడేస్తే పెరుగు విరిగిపోదూ, అంతే నాన్నా, గోరువెచ్చగా ఉండాలి" అన్నారు. రాజోలు వారి మాట నేను చూడకముందే ఆవిడ నోట ఈ పోలిక వచ్చింది. అప్పుడు నేను పట్టించుకోలేదు.

నిజామాబాద్ నుంచి:

మీ ముచ్చట మంచిగుంది. మాకు రొట్టె అంటే జొన్నరొట్టె. అది పులవదు, పొంగదు, వేడినీళ్లతో పిండి కలిపి చేత్తో కొట్టుడే. బ్రెడ్డును మా పెద్దలు డబల్ రొట్టె అనేది. మీ దిక్కు రొట్టె అంటే ఏంది?

నేను:

మాకు రొట్టె అంటే మినపరొట్టె అండి, దిబ్బరొట్టె అని కూడా అంటాం. మినప్పప్పు రుబ్బి, బియ్యపురవ్వ కలిపి, దళసరి మూకుట్లో రెండు మూడు అంగుళాల మందాన దిబ్బలాగా పోసి సన్నసెగ మీద కాల్చడం. చెరకుపానకంలో నంచుకుంటాం. కట్టెలపొయ్యిల రోజుల్లో మూత మీద కూడా నిప్పులు పోసేవారు, కింద సెగ, పైన సెగ. ఓవెన్ చేసే పనీ అదే కదా. అందుకే బేకింగ్‌కి మాటేంటని పెద్దాడు అడిగితే తడుముకోలేదు, కాల్చడం అన్నాను. ఇటుకలు కాలుస్తారు, కుండలు కాలుస్తారు, రొట్టె కాలుస్తారు. మాడిస్తే మాత్రం అది కాల్చడం కాదు.

అమలాపురం సభ్యురాలు:

కుండలంటే గుర్తొచ్చింది. కుమ్మరి ఆవం, ఓవెన్, రెండూ ఒక్కలాగే వినబడతాయి. ఏమైనా చుట్టరికం ఉందాండి?

రాజమండ్రి మాస్టారు:

లేదమ్మా. కుండలు కాల్చే చోటుని సంస్కృతంలో ఆపాకం అంటారు, మన ఆవాన్ని దానితో కలిపి చూడాలి. ఓవెన్ పాత ఇంగ్లీషు మాట. చెవికి ఒకటిగా తగిలాయి, అంతవరకే. అయినా పిల్లలకి గుర్తుండటానికి బాగానే పనికొస్తుంది.

నరసాపురం నుంచి:

ఇంకొకటి. "వాడి రొట్టె విరిగి నేతిలో పడింది" అంటాం. బ్రెడ్డు విరగదు కదా, మరి ఏ రొట్టె?

నేను:

మా చిన్నది సరిగ్గా ఇదే అడిగింది! మెత్తటిదాన్ని తుంచుతాం, గుడ్డా కాగితం చించుతాం, పుల్లనీ చెరకునీ విరుస్తాం. విరగాలంటే వస్తువు కొంచెం గట్టిగా ఉండాలి. దిబ్బరొట్టె అడుగు ఎర్రగా కాలి కరకరలాడితే చేత్తో పట్టుకుంటే టప్పున విరుగుతుంది. జొన్నరొట్టె ఆరితే అదీ విరుగుతుంది. సామెత ఏ ఊళ్లో పుట్టినా, దూదిలాంటి బ్రెడ్డుని చూసి పుట్టింది కాదని మాత్రం గట్టిగా అనుకుంటున్నాను. మీ చర్చిలో "రొట్టె విరవడం" అంటారు కదా, అదీ పలచగా గట్టిగా కాల్చిన రొట్టె కాబట్టే ఆ మాట కుదిరిందేమో చూడండి.

మూడోసారి చేసిన సంగతి చెప్పి ముగిస్తాను. ఈసారి నీళ్లు మణికట్టు మీద వేసుకుని చూశాకే పోశారు. పిండి లేచాక వేలుతో నొక్కితే గుంట నెమ్మదిగా పైకొచ్చింది. సగం ముద్ద ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర పెట్టాను, పాతిక నిమిషాలు పట్టింది. మిగతా సగంలోంచి గుప్పెడు తీసి పక్కన పెట్టి, తక్కినది అత్తయ్యగారు తన మూకుట్లో నూనె రాసి, మూత పెట్టి, సన్నసెగ మీద రెండు వైపులా కాల్చారు. కాలిందో లేదో చూడటానికి ఆవిడ రొట్టె వెనక్కి తిప్పి వేలితో తట్టారు. డొల్ల చప్పుడు వచ్చింది. ఓవెన్ రొట్టెకీ అదే పరీక్ష. ఎవరూ చెప్పకుండానే ఆవిడ చేశారు. మూకుడు రొట్టె అడుగు విరిగింది కూడా. నెయ్యి గిన్నె దగ్గర్లోనే ఉంది, పెద్దాడు ముక్కని అందులో వేసి సామెత పూర్తి చేశాడు.

దాచిన గుప్పెడు ముద్దని ఫ్రిజ్‌లో డబ్బాలో పెట్టాం. చిన్నది డబ్బా మీద "తోడుపిండి" అని రాసింది. మూడోరోజు పొద్దున్న మూత తీశాం. అంచుల్లో బుడగలు కట్టి, పుల్లటి వాసన గుప్పుమంది. పెద్దాడు డబ్బా పట్టుకుని పెరట్లోకి పరిగెత్తి "మామ్మా, ఇప్పుడు పులిసింది!" అన్నాడు.

ఇంకొక్క మాట మిగిలింది. చపాతీపిండి కలిపి మూతపెట్టి ఉంచడాన్ని మేం "నాననివ్వడం" అంటాం, నీళ్లల్లో ముంచకపోయినా. మీ వైపు ఏమంటారు?