జీడిపప్పు ఫ్యాక్టరీలో పని, డిగ్రీ రెండో సంవత్సరం, నీట్: ఈ మూడింటిలో దేన్ని వదులుకోవాలి?

ఉద్దానం విద్యార్థి:

అందరికీ నమస్కారం. మాది ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక పల్లె. ఇంటర్ బైపీసీ తెలుగు మాధ్యమంలో పూర్తి చేశాను. ప్రస్తుతం పలాసలో బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతూ, మధ్యాహ్నం రెండు గంటల నుంచి రాత్రి పది వరకు కాశీబుగ్గలోని ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కోసే సెక్షన్‌లో పని చేస్తున్నాను. సరుకు ఎక్కువగా దిగిన రోజున పదకొండు కూడా దాటుతుంది. ఆటో దొరికి ఇల్లు చేరి, అన్నం తినేసరికి పన్నెండున్నర అవుతుంది. మళ్ళీ ఉదయం ఎనిమిదిన్నరకు కాలేజీకి బయలుదేరాలి.

నాన్నగారికి మూత్రపిండాలు పాడై రెండేళ్ళుగా డయాలసిస్ జరుగుతోంది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో విసర్జన పాఠం చదువుతుండగా, ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు నిమిషానికి 125 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు 180 లీటర్లు వడగడతాయన్న వాక్యం దగ్గర ఆగిపోయి, గొట్టంలో తిరుగుతున్న ఆయన రక్తాన్ని చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. డాక్టర్ కావాలన్న కోరిక అంతకు ముందూ ఉన్నదే గానీ, ఆ రోజు నుంచి దాన్ని పక్కన పెట్టడం నా వల్ల కావడం లేదు.

కిందటిసారి నీట్‌లో 720కి 318 వచ్చాయి. అందులో ఫిజిక్స్‌వి 41 మాత్రమే. ఇప్పుడు రాత్రి పూట రెండు గంటలు పుస్తకం ముందు కూర్చుంటున్నాను గానీ, తెల్లారేసరికి ఏమీ గుర్తుండడం లేదు. ఏప్రిల్ వచ్చిందంటే కొత్త పిక్కల సీజన్, సెమిస్టర్ పరీక్షలు, నీట్ మూడూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. డిగ్రీ మానేద్దామా అంటే అమ్మ ఒప్పుకోదు, పని మానేద్దామా అంటే ఇల్లు గడవదు. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే దయచేసి సలహా చెప్పగలరు.

విశ్రాంత అధ్యాపకుడు, విజయనగరం:

బాబూ, డిగ్రీ మాత్రం మానవద్దు. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితిని 2022లో తొలగించారు, ఇన్నిసార్లే రాయాలన్న నియమమూ లేదు. కాబట్టి నీ అవకాశం వచ్చే మే నెలతోనే ముగిసిపోదు. నీ డిగ్రీ జువాలజీయే కనుక అక్కడ గడిపే గంటలు పూర్తిగా వృథా కావు, జన్యుశాస్త్రం, శరీరధర్మశాస్త్రం రెండు చోట్లా పనికి వస్తాయి. అయితే డిగ్రీలో మొదటి శ్రేణి కోసం తాపత్రయపడవద్దు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పోకుండా 75 శాతం హాజరు, సబ్జెక్టులు మిగలకుండా ఉత్తీర్ణత, ఈ రెండూ చాలు.

ఇక మార్కుల సంగతి. 2025 నుంచి ప్రశ్నపత్రంలో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఐచ్ఛిక ప్రశ్నలు లేవు. సగం, అంటే 90 ప్రశ్నలు, 360 మార్కులు జీవశాస్త్రానివే. నీకు వచ్చిన 318లో తప్పు సమాధానాల వల్ల ఎన్ని పోయాయో లెక్క చూసుకున్నావా? తెలిసి వదిలేసిన ప్రశ్నకు సున్నా, ఊహించి తప్పు పెట్టినదానికి ఒక మార్కు కోత. ఫిజిక్స్‌లో 41 వచ్చినవాడు సాధారణంగా ముప్పై ప్రశ్నలకు పైగా గుడ్డిగా గుర్తించి ఉంటాడన్నది, ఇన్నేళ్ళుగా పిల్లల జవాబు పత్రాలు చూసిన నా అనుభవం. ముందు జీవశాస్త్రాన్ని వాక్యం వాక్యంగా పట్టు. ఫిజిక్స్ మొత్తాన్ని నెత్తికి ఎత్తుకోకుండా, విద్యుత్తు, కిరణ దృశాశాస్త్రం, ఆధునిక భౌతికశాస్త్రం, ఉష్ణగతికశాస్త్రం వంటి కొన్ని అధ్యాయాలను పాత ప్రశ్నపత్రాలతో సహా పూర్తిగా సాధించు. తెలుగు మాధ్యమం అని వెనకాడనక్కరలేదు, మన రాష్ట్రంలోని కేంద్రాలలో ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ ప్రశ్నపత్రం ఎంచుకోవచ్చు. కానీ పారిభాషిక పదాలు రెండు భాషలలోనూ నోటికి రావాలి, ఎంబీబీఎస్‌లో చేరిన మొదటి రోజు నుంచే అవి కావాలి.

ఎంబీబీఎస్ రెండో సంవత్సరం విద్యార్థి:

తమ్ముడూ, మాస్టారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, నీ అసలు ఇబ్బంది ఏం చదవాలన్నది కాదు, ఎప్పుడు చదవాలన్నది. నేను విజయనగరంలో ఒక పెట్రోల్ బంకులో రాత్రి డ్యూటీ చేస్తూ చదివాను. మొదటి ఏడాది నాలుగు గంటల నిద్రతో ఈడ్చుకువచ్చాను. ఆ ఏడాది రాసుకున్న నోటు పుస్తకాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. కొన్ని పేజీలలో వాక్యం సగంలో ఆగి, పెన్ను గీత కిందికి జారిపోయి ఉంటుంది. అదంతా చదువు అనుకున్నాను, ర్యాంకు వచ్చాక గానీ కాదని తెలియలేదు.

రెండో ఏడాది పని నుంచి వచ్చాక పుస్తకం తెరవడం పూర్తిగా మానేశాను. నువ్వు కూడా పన్నెండున్నరకు పడుకుంటే ఆరున్నర వరకు నిద్రపో. ఆరున్నర నుంచి ఎనిమిది వరకు ఫిజిక్స్ లెక్కలు, ఆటోలో, కాలేజీ విరామంలో జీవశాస్త్రం. ఇది చాలా తక్కువగా కనిపిస్తుంది, నిజానికి తక్కువే. కానీ మెలకువగా చదివిన గంటన్నర ముందు తూగుతూ కూర్చున్న మూడు గంటలు నిలవవు.

ఇంకొక ముఖ్యమైన విషయం. నీట్ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు జరుగుతుంది. ఆ వేళకు నీ చేతులకు పని అలవాటైంది గానీ, మెదడుకు పరీక్ష అలవాటు కాలేదు. వారాంతపు సెలవు నాడు సరిగ్గా రెండింటికి కూర్చుని, ఓఎంఆర్ షీటు మీద దిద్దుతూ, లేవకుండా మూడు గంటల నమూనా పరీక్ష రాయి. సెలవు ఇవ్వడం లేదంటే అడుగు. వారానికి ఒక రోజు సెలవు, పరిమితికి మించిన పనికి రెట్టింపు వేతనం చట్టంలోనే ఉన్నాయి.

పిక్కలు కోసే యంత్రం దగ్గర మాత్రం చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాఠాలు వినమని ఎవరు చెప్పినా వినవద్దు. వేళ్ళు పోతే తిరిగి రావు.

పశువైద్య విద్యార్థిని, గరివిడి:

తమ్ముడూ, నేను మూడుసార్లు నీట్ రాసి సీటు అందుకోలేకపోయినదాన్ని. కాబట్టి ఇద్దరూ చెప్పని మాట ఒకటి చెప్పాలి. పరీక్షకు ముందు చివరి రెండు నెలలు పని చేస్తూ చదవడం మాత్రం దాదాపు అసాధ్యం. నేను ఒక బట్టల దుకాణంలో పెళ్ళిళ్ళ సీజన్‌లో నిలబడి, పరీక్ష ముందు వారం కూడా సెలవు దొరక్క, హాలులో కూర్చున్నప్పుడు కాళ్ళ నొప్పి తప్ప ఇంకేమీ తోచని స్థితిలో రాశాను. నువ్వు యజమానితో మార్చిలో కాదు, ఇప్పుడే మాట్లాడు. సీజన్ లేని వర్షాకాలంలో అదనంగా చేస్తాను, బదులుగా ఏప్రిల్‌లో సగం రోజులు వదలండి అని అడుగు. ఆ నెల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు ప్రతి నెలా కొంత పోస్టాఫీసులో వేసుకుంటూ రా. వచ్చే డబ్బుకు ముందే చోటు చూపించకపోతే అది మందులకే వెళ్ళిపోతుంది, మా ఇంట్లోనూ అలాగే జరిగింది.

రెండో మాట. మన రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఏపీ ఈఏపీసెట్ కూడా రాయి. అందులో 160 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు, ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. మన రాష్ట్రంలో పశువైద్యం సీట్లు చాలావరకు ఆ ర్యాంకుతోనే ఇస్తారు. నాకు ఇక్కడ సీటు అలాగే వచ్చింది. నోటిఫికేషన్‌లో వయసు నిబంధన మాత్రం ముందే చూసుకో. ఓడిపోయి ఇటు వచ్చానని మొదట్లో ఏడ్చాను. ఇప్పుడు అర్ధరాత్రి ఈనలేక అవస్థపడుతున్న ఆవు దగ్గరకు సార్‌తో కలిసి వెళ్ళినప్పుడు, ఆ రైతు మా చేతులకేసి చూసే చూపు నాకు చాలు. నువ్వు ఇటే రావాలని అనడం లేదు, ఒక్క తలుపు ముందే నిలబడవద్దని అంటున్నాను.

ఉద్దానం విద్యార్థి:

మాస్టారూ, అన్నయ్యా, అక్కా, మీ ముగ్గురికీ ఎంతో రుణపడి ఉన్నాను. నిన్న జవాబు పత్రం తీసి లెక్క చూశాను. ఫిజిక్స్‌లో పదిహేను సరైనవి, పందొమ్మిది తప్పులు ఉన్నాయి. ఒక్కో సరైనదానికి నాలుగు చొప్పున వచ్చిన 60లో నుంచి 19 పోయి 41 మిగలడం చూసి నాకే భయం వేసింది. మరో పది ప్రశ్నలు నేర్చుకుని, తెలియనివి వదిలేస్తే ఎంత తేడా వస్తుందో మొదటిసారి అర్థమైంది.

మాస్టారు ఊహించినంత కాకపోయినా, గుడ్డిగా పెట్టినవే ఎక్కువ.

ఈ రోజు పనిలోకి వెళ్ళగానే యజమానితో మాట్లాడాను. ఏప్రిల్‌లో సగం రోజులంటే కుదరదన్నారు, పది రోజులు ఇస్తానన్నారు. గ్రేడింగ్ సెక్షన్‌కు మార్చమని అడిగితే దసరా తర్వాత చూద్దామన్నారు. అక్కడైతే ఈ జీడి నూనె మరకలు ఉండవు, ఓఎంఆర్ షీటు మీద నల్లటి వేలిముద్రలు పడతాయన్న దిగులు తప్పుతుంది. ఈ ఆదివారం రెండు గంటలకు మొదటి నమూనా పరీక్ష రాస్తున్నాను. అన్నయ్యా, మీరు పాత ప్రశ్నపత్రాలలో ఏ సంవత్సరం నుంచి మొదలుపెట్టారో చెప్పగలరా?

ఎంబీబీఎస్ రెండో సంవత్సరం విద్యార్థి:

2016 నుంచి మొదలుపెట్టు, తమ్ముడూ. 2021 నుంచి 2024 వరకు ఉన్న పత్రాలలో ఐచ్ఛిక ప్రశ్నలు ఉంటాయి, వాటిని సాధనకు వాడుకో గానీ సమయం కొలవడానికి వాడవద్దు. 2025 పత్రాన్ని ఇప్పుడు తెరవకుండా ఏప్రిల్‌లో వచ్చే ఆ పది రోజులకు దాచుకో.