హైదరాబాద్‌లో ఉత్తరం కిటికీకి సన్‌షేడ్ అవసరమా? సూర్యుడు ఎటు నుంచి పోతాడు?

ప్రశ్న: కొత్తిల్లు
హైదరాబాద్‌లో ఇల్లు కడుతున్నాం. ఉత్తరం గోడకు 120 సెం.మీ. ఎత్తు, అంతే వెడల్పు కిటికీలు వస్తున్నాయి. అటు ఎండ రాదు, సన్‌షేడ్ దండగ అంటున్నారు మేస్త్రి. పక్కింటి ఉత్తరం గదిలో మాత్రం జూన్‌లో పొద్దున ఏడింటికే ఎండ పడుతోంది. ఉత్తరార్ధగోళంలో సూర్యుడు దక్షిణంగా పోతాడనే కదా బళ్లో చెప్పింది? ఉత్తరం, దక్షిణం రెండు గోడలకూ షేడ్ ఎంత వేయాలి? మేడ మీద సోలార్ ప్యానెళ్లు ఎటు తిప్పాలి?

జవాబు: శంకుచ్ఛాయ
బళ్లో చెప్పిన మాట కర్కటరేఖకు, అంటే 23.4 డిగ్రీలకు, పైన ఉన్న ఊళ్లకే ఏడాది పొడవునా చెల్లుతుంది. హైదరాబాద్ 17.4 డిగ్రీల దగ్గరుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కావాలంటే అక్షాంశానికీ ఆ రోజు క్రాంతికీ (సూర్యుడు భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు ఉత్తరంగా ఉన్నాడనే లెక్క, దక్షిణంగా ఉంటే మైనస్) ఉన్న తేడాను 90లోంచి తీసేయండి. మార్చి 21న క్రాంతి సున్నా కాబట్టి 72.6 డిగ్రీలు. డిసెంబర్ 21న 49. జూన్ 21న 84, అదీ నడినెత్తి దాటి ఉత్తరం వైపు. లండన్‌లో (51.5) జూన్‌లో కూడా 62 దాటదు, డిసెంబర్‌లో 15 దగ్గరే ఆగిపోతుంది.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో హైదరాబాద్‌లో నిలువు కర్రకు మధ్యాహ్నం నీడ ఉండదు. ఈ రెండు తేదీల మధ్య సూర్యుడు ఉత్తరానికి వెళ్లేది మధ్యాహ్నం ఒక్కపూటే కాదు, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఉత్తరం సగంలోనే ఉంటాడు. జూన్ 21న నిక్కమైన తూర్పుకు 25 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు. పైకి ఎక్కుతూ తూర్పు వైపు జరుగుతాడు గానీ 16 డిగ్రీల దూరంలోనే ఆగి మళ్లీ ఉత్తరానికి మళ్లుతాడు. ఆ మూడు నెలలూ మీ దక్షిణం గోడకు నేరుగా ఎండ తగలదు. మీ పక్కింటి గదిలో ఏడింటికి పడేది ఈ ఎండే.

జవాబు: నీడగోడ
షేడ్ కొలతలు నేను చెప్తాను. ఇవన్నీ షేడ్ కిటికీ పైఅంచుకు ఆనుకుని ఉందనుకుని వేసిన లెక్కలు. దక్షిణం కిటికీకి 38 సెం.మీ. చాలు (120ని 72.6 డిగ్రీల టాంజెంట్‌తో భాగిస్తే వచ్చేది అంతే). మార్చి 21 నుంచి సెప్టెంబర్ 23 వరకు రోజంతా ఆ కిటికీ నీడలోనే ఉంటుంది, చలికాలం ఎండ మాత్రం లోపలికి వస్తుంది. షేడ్‌ను కిటికీకి సరిగ్గా సమానంగా ఆపేస్తే పొద్దునా సాయంత్రం పక్కల నుంచి ఎండ దూరుతుంది. అందుకే రెండు వైపులా కాస్త పొడిగించండి.

ఉత్తరానికి లెక్క వేరు. జూన్ మధ్యాహ్నానికి 13 సెం.మీ. సరిపోతుంది. కానీ ఏడింటి ఎండను షేడ్‌తోనే ఆపాలంటే 140 సెం.మీ. పైనే కావాలి, అది ఎవరూ వేయరు. సూర్యుడు అప్పుడు 16 డిగ్రీల ఎత్తులో, గోడకు 20 డిగ్రీల వాలులో ఉంటాడు. దానికి నిలువు పలకలే మందు: కిటికీకి తూర్పు అంచున ఒకటి, పడమర అంచున ఒకటి, 45 సెం.మీ. ముందుకు. ఉదయించిన వెంటనే వచ్చే ఎండ కూడా వద్దంటే 56 చేయండి. మీ మేస్త్రి గారికి ఈ పలకల సంగతి గట్టిగా చెప్పండి, షేడ్ పెంచితే సరిపోతుందని అనుకుంటారు.

ప్యానెళ్లు దక్షిణానికే, 15 నుంచి 18 డిగ్రీల వాలు. వేసవిలో సూర్యుడు ఉత్తరాన ఉన్నాడని అటు తిప్పకండి. జూన్ మధ్యాహ్నం వాలు వల్ల పోయేది 8 శాతం. అదే బల్లపరుపుగా పెడితే డిసెంబర్ మధ్యాహ్నం 24 శాతం పోతుంది. దుమ్ము కడిగిన నీళ్లు జారిపోవడానికి కూడా ఆ వాలు కావాలి.

జవాబు: మెల్‌బోర్న్‌వాసి
ఇక్కడ (37.8 దక్షిణం) ఇదంతా తిరగబడుతుందని ఇటు వచ్చే మనవాళ్లు గుర్తుంచుకోవాలి. మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునా ఉత్తరానే ఉంటాడు: డిసెంబర్‌లో 76, జూన్‌లో 29 డిగ్రీలు. అతని వైపు తిరిగి నిలబడితే కుడి నుంచి ఎడమకు కదులుతాడు. చలికాలంలో వెచ్చగా ఉండాలంటే హాలు ఉత్తరానికి ఉండాలి, ప్యానెళ్లు కూడా అటే. దిక్సూచిని నేరుగా నమ్మొద్దు, ఇక్కడ ముల్లు నిజమైన ఉత్తరానికి 11 డిగ్రీలకు పైనే తూర్పుగా చూపిస్తుంది.

కొత్తిల్లు
చాలా స్పష్టంగా చెప్పారండీ. స్లాబు మీద ఫోన్ దిక్సూచి నిలకడగా ఉండట్లేదు. నిజమైన దక్షిణం ఎలా పట్టుకోవాలి?

శంకుచ్ఛాయ
ఇనుప చువ్వల వల్ల అలా అవుతుంది. చదునైన చోట ఒక మీటరు కర్రను, దారానికి బరువు కట్టి చూసుకుంటూ, నిటారుగా నిలపండి. ఉదయం పదింటికి నీడ కొన ఎక్కడుందో గుర్తు పెట్టి, అంత వ్యాసార్ధంతో కర్ర చుట్టూ వృత్తం గీయండి. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో నీడ కొన మళ్లీ వృత్తాన్ని తాకుతుంది. ఆ రెండు గుర్తులనూ కలిపే గీతే తూర్పు పడమరలు, దానికి లంబంగా గీస్తే ఉత్తర దక్షిణాలు. మన సిద్ధాంతులు పన్నెండు అంగుళాల శంకువుతో (నిలువు కర్రతో) చేసేది ఇదే. విషువం (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) నాటి మధ్యాహ్నం దాని నీడ, అంటే పలభ, హైదరాబాద్‌లో మూడుముప్పావు అంగుళాలు.

గడియారంలో పన్నెండు కొట్టగానే నీడ చూసి గీత గీయకండి. మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమరగా ఉంది కాబట్టి సగటున 12.16కి గానీ అసలు మధ్యాహ్నం కాదు. పైగా ఆ సమయం ఫిబ్రవరి రెండో వారంలో 12.30 దాకా పోతుంది, నవంబర్ మొదట్లో సరిగ్గా 12కు వస్తుంది. మే నెలలోనైతే సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉండి నీడ దిక్కు నిమిషాల్లో మారిపోతుంది, పావుగంట తేడా వచ్చినా గోడ వంకరవుతుంది. డిసెంబర్, జనవరిలో నీడ పొడుగ్గా ఉంటుంది, గీత అప్పుడే బాగా కుదురుతుంది.