అందానికి పెంచే నీలి ఫెస్క్యూ గడ్డి కుదుళ్లు మధ్యలో ఎండిపోతున్నాయి, పశువుల మేతకి వేసేదీ ఇదేనా?

ప్రశ్న: రెండేళ్లు గుండ్రంగా, ముద్దుగా ఉన్న నీలి ఫెస్క్యూ కుదుళ్లు ఇప్పుడు నడిమధ్యలో ఎండిపోతున్నాయి, అంచులు మాత్రం బాగానే ఉన్నాయి. నీళ్లు చాలట్లేదా? మేతకి వేసే ఫెస్క్యూ కూడా ఇదేనా?

జవాబు: నీళ్లు పెంచకండి, తడి నిలిస్తే వేర్లు కుళ్లుతాయి. ఇది వయసు వల్ల వచ్చేదే. కుదురు తవ్వి తీసి, ఎండిన మధ్యభాగం పారేసి, వేర్లున్న అంచు ముక్కల్ని ఎండ బాగా తగిలే చోట నాటండి. రెండు మూడేళ్లకోసారి ఇలా చెయ్యాల్సిందే. ఎండుపోచల్ని చేతులకి తొడుగులేసుకుని వేళ్లతో దువ్వితే ఊడొచ్చేస్తాయి, నేలమట్టంగా మాత్రం కొయ్యకండి.

ఇంకో జవాబు: మేతది టాల్ ఫెస్క్యూ, వేరే జాతి అండీ. అమెరికాలో 1943లో విడుదలైన కెంటకీ 31 రకం బాగా పాకింది. దాని లోపల కంటికి కనపడని ఫంగస్ ఉంటుంది, కరువునీ పురుగునీ గడ్డి తట్టుకునేది చాలావరకు దానివల్లే, కానీ ఆ ఫంగస్ తయారుచేసే ఎర్గోవలైన్ అనే విషం పశువుల రక్తనాళాల్ని కుదించేస్తుంది. ఎండాకాలం మేత మానేసి నీడకి చేరతాయి, చలికాలం తోక కొస, గిట్టలు చచ్చుబడతాయి. చూలు గుర్రాల్ని చివరి రెండు మూడు నెలలు దాని దగ్గరికి రానివ్వొద్దు, పాలే పడవు.

అడిగినవారు: ఎండుగడ్డి చేస్తే విషం పోతుందా?

జవాబు: తగ్గుతుంది, పూర్తిగా పోదు. కంకుల్లోనే ఎక్కువ కాబట్టి కంకి రాకముందే కొయ్యండి, క్లోవర్ అనే మేత మొక్క కలిపి పెంచండి. కొత్తగా వేసేటట్టయితే హాని చెయ్యని ఫంగస్ ఉన్న రకాల విత్తనమే కొనండి.