చమురు దిగింది, టికెట్‌లో ఇంధన సర్‌చార్జి ఎందుకు దిగలేదు?

నీలిగీత:

దూరప్రయాణానికి విమాన టికెట్లు చూస్తున్నాను. ధర వివరాలు విప్పి చూస్తే బేస్ ఫేర్ (అసలు ప్రయాణ ధర) కంటే దాని కింద ‘వైక్యూ’ అని రాసి ఉన్న మొత్తమే పెద్దది. ఏమిటని అడిగితే ఇంధన సర్‌చార్జి అన్నారు. సరే, ఇంధనం ఖరీదైనదే. కానీ ముడిచమురు కొన్ని వారాలుగా దిగుతోందని వార్తల్లో చూస్తున్నాను. ఈ అంకె మాత్రం అంగుళం కదలలేదు. పెరిగిన రోజుల్లో ఎంత ఉందో ఇప్పుడూ అంతే.

ఇంకో చోద్యం కూడా ఉంది. విమానాల్లో తిరిగినందుకు మావారి ఖాతాలో పాయింట్లుగా పోగైన మైళ్లతో ‘ఉచిత’ టికెట్ తీసుకుందామని చూశాం. దానికీ ఇదే సర్‌చార్జి కట్టమంటున్నారు. మైళ్లూ పోయి, డబ్బూ పోతే ఇక ఉచితం ఎక్కడుంది?

ఇది నిజంగా ఇంధనానికేనా? చమురు దిగితే ఎప్పటికైనా దిగుతుందా? కొన్నాళ్లు ఆగి కొంటే లాభమా? తెలిసినవారు చెప్పండి.

గాలిమర:

పెంచడానికి వాళ్లకు ఒక రాత్రి చాలు, తగ్గించడానికి ఏడాది చాలదు. నన్నడిగితే అది ఇంధనం పేరు పెట్టుకున్న లాభం. ఆగడం దండగ. మొత్తం ధర మీకు గిట్టుబాటైతే కొనేయండి, లేకపోతే వేరే సంస్థ చూడండి.

పాత టికెటింగ్:

గాలిమర గారి కోపంలో సగం న్యాయం ఉంది. మిగతా సగం కాస్త విడదీసి చూడాలి. చాలా ఏళ్లు టికెటింగ్ బల్ల వెనక కూర్చున్నవాణ్ని కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందుగా ఒక సంగతి. వైక్యూ, వైఆర్ అనే కోడ్‌లు టికెట్‌పై పన్నుల గడిలో కనిపిస్తాయి. అక్కడ కనిపించినంత మాత్రాన అవి పన్నులు కావు. అందులోంచి ఏ ప్రభుత్వానికీ పైసా వెళ్లదు, మొత్తం విమాన సంస్థకే. విమానాశ్రయ రుసుముల పక్కన కూర్చోబెట్టడం వల్ల ప్రయాణికుడు దాన్నీ తప్పించుకోలేని పన్ను అనుకుంటాడు. అనుకోవాలనే అక్కడ పెట్టారని నా అనుమానం.

ఇంధనం విమాన సంస్థల ఖర్చులో సాధారణంగా పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. పెద్ద ఖర్చే. కానీ జీతాలూ పెద్ద ఖర్చే, విమానాల అద్దెలూ పెద్ద ఖర్చే. ‘పైలట్ జీతం సర్‌చార్జి’ అని ఎవరూ వేయరు కదా! ఇంధనాన్ని విడిగా చూపడానికి మొదట్లో చెప్పిన కారణం, దాని ధర నెలనెలా ఊగుతుందని. అది నిజమే. ఒకసారి విడదీశాక మాత్రం దానివల్ల ఇంకో సుఖం ఉందని సంస్థలకు తెలిసింది. ఏజెంట్ల కమీషన్ చాలా చోట్ల బేస్ ఫేర్ మీద శాతంగా లెక్కకట్టేవారు. పెద్ద కంపెనీలతో కుదుర్చుకునే డిస్కౌంటూ అంతే. పిల్లల టికెట్‌పై తగ్గింపూ అంతే. ధరలో సగాన్ని పక్కనున్న సర్‌చార్జి వరుసలోకి జరిపితే ఇవన్నీ చప్పుడు లేకుండా సగమైపోతాయి. పిల్లవాడి టికెట్ తగ్గింపు ధరకే అని చెప్పి, సర్‌చార్జి దగ్గర పెద్దవాళ్లతో సమానంగా ఉందని చూపించాల్సి వచ్చినప్పుడు తల్లిదండ్రుల ముఖాలు నేను చూశాను. మీ మైళ్ల సంగతీ ఇదే. మైళ్లు బేస్ ఫేర్‌ను మాఫీ చేస్తాయి, పక్క వరుసను ముట్టుకోవు. బేస్ ఫేర్ ఎంత చిన్నదైతే మీ మైళ్ల విలువ అంత చిన్నది.

ఇప్పుడు న్యాయం ఉన్న వైపు చూద్దాం. కొన్ని చోట్ల ఈ సర్‌చార్జి ఒక లెక్క ప్రకారమే నడుస్తుంది. జపాన్ సంస్థలు జాల్, ఏఎన్‌ఏ సింగపూర్ మార్కెట్‌లో విమాన ఇంధనం రెండు నెలల సగటు ధర తీసుకుని, యెన్‌లోకి మార్చి, పట్టిక ప్రకారం సర్‌చార్జి ప్రకటిస్తాయి. ఆ సగటు బ్యారెల్‌కు 6,000 యెన్‌ల కంటే దిగితే సర్‌చార్జి సున్నా. మాటవరసకు కాదు, 2016లో చమురు కుప్పకూలినప్పుడు నిజంగానే సున్నా అయింది, 2020లో మళ్లీ అయింది. కొరియాలోనూ ఇలాంటి పట్టికే ఉంది. సింగపూర్ సగటు గ్యాలన్‌కు 150 సెంట్లు దాటితేనే వసూలు, నెలనెలా సవరణ. ఇలాంటి చోట్ల చమురు దిగితే సర్‌చార్జి దిగుతుంది, కాకపోతే ఆలస్యంగా. జపాన్‌లో ఏప్రిల్, మే నెలల్లో కొనే టికెట్‌కు ఆధారం డిసెంబరు, జనవరి నెలల సగటు. అంటే ఫిబ్రవరిలో ధర పడిపోయినా దాని ఫలితం మీ టికెట్‌లో కనిపించేది జూన్‌లోనే.

పట్టిక లేని చోట సంస్థ ఇష్టం. అప్పుడు సర్‌చార్జిని కదిలించేది చమురు కాదు, పోటీ. ఒకే దారిలో రెండు దిక్కుల్లో వేర్వేరు సర్‌చార్జి ఉండటం మీరే చూడవచ్చు. వెళ్లేటప్పుడు ఎంత ఇంధనం కాలుతుందో వచ్చేటప్పుడూ ఇంచుమించు అంతే కాలుతుంది కదా, గాలి వాటం తేడా తప్ప!

ఇష్టారాజ్యం ఎంత దూరం పోతుందో తెలియాలంటే బ్రిటిష్ ఎయిర్‌వేస్ కేసు చాలు. 2004 నుంచి 2006 మొదటిదాకా ఆ సంస్థ, వర్జిన్ అట్లాంటిక్ దూరప్రయాణాల సర్‌చార్జి ఎంత పెంచాలో తమలో తాము మాట్లాడుకున్నాయి. ఆ కాలంలోనే రానుపోను టికెట్‌పై సర్‌చార్జి 5 పౌండ్ల నుంచి 60 పౌండ్లకు చేరింది. వర్జిన్ ముందుగా వెళ్లి అధికారులకు చెప్పేసి శిక్ష తప్పించుకుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు 2007లో స్వదేశంలో 121.5 మిలియన్ పౌండ్ల జరిమానా ప్రకటించారు, తర్వాత దాన్ని 58.5 మిలియన్లకు తగ్గించారు. అమెరికాలో పడింది వేరు, అక్కడ సరుకు రవాణా సర్‌చార్జీ కలిపి 300 మిలియన్ డాలర్లు. నిజంగా ఇంధన ఖర్చే అయితే ఎవరి ఖర్చు వారు లెక్క వేసుకోవచ్చు, పక్కవాడికి ఫోన్ చేయాల్సిన పనేముంది?

నీలిగీత:

ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. ఒక్కటి అడుగుతాను. విమాన సంస్థలు ఇంధనాన్ని ముందే ఒక ధరకు కుదుర్చుకుంటాయని, అందుకే మార్కెట్ దిగినా వెంటనే తగ్గించలేవని చదివాను. అది సాకేనా?

చిట్టాపద్దు:

దీనికి నేను చెబుతాను, నా పని లెక్కలే.

ఇలా ముందే ఒక ధరకు కుదుర్చుకోవడాన్ని హెడ్జింగ్ అంటారు. అది అబద్ధం కాదు. 2008 జులైలో ముడిచమురు బ్యారెల్‌కు 147 డాలర్లకు ఎక్కింది, అదే డిసెంబరుకు 40 కంటే కిందికి పడింది. ఇంకా పెరుగుతుందన్న భయంతో వేసవిలో ఎక్కువ ధరకు ఒప్పందాలు చేసుకున్న సంస్థలు ఏడాది చివర్లో మార్కెట్ కంటే ఎక్కువ చెల్లించాల్సి వచ్చింది. అదే సమయానికి అమెరికా విమాన సంస్థ సౌత్‌వెస్ట్ ఎన్నో ఏళ్లుగా చవకగా కుదుర్చుకున్న ఇంధనంతో మిగతావాళ్లు ఈర్ష్యపడేలా నడిచింది. కాబట్టి మీరు వార్తల్లో చూసే ధర, సంస్థ నిజంగా చెల్లించే ధర ఒకటి కాకపోవచ్చు.

అయితే ఈ వాదన ఎప్పుడూ ఒకవైపే వినిపిస్తుంది. ‘ముందే ఎక్కువకు కొన్నాం, తగ్గించలేం’ అన్నవాళ్లు ధరలు పెరిగినప్పుడు ‘ముందే తక్కువకు కొన్నాం, పెంచం’ అని ప్రకటించడం నేను వినలేదు. పైగా అందరూ హెడ్జింగ్ చేయరు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అది మానేసి చాలా ఏళ్లయింది. డెల్టా అయితే 2012లో ఏకంగా పెన్సిల్వేనియాలో ఒక రిఫైనరీనే కొనుక్కుంది.

అసలు మనం చూస్తున్న అంకె సరైనదేనా అన్నది అంతకంటే ముఖ్యం. విమానం ముడిచమురుతో ఎగరదు. రిఫైనరీలో శుద్ధి అయ్యాక వచ్చే ఇంధనం ధర వేరు. 2022లో ముడిచమురు సగటు బ్యారెల్‌కు సుమారు 100 డాలర్లుంటే, విమాన ఇంధనం సగటు అంతకంటే 30 డాలర్లకు పైగా ఎక్కువ. రిఫైనరీలు చాలక, రష్యా సరఫరా తగ్గి ఆ తేడా మామూలు కంటే ఎంతో పెరిగింది. అలాంటప్పుడు ముడిచమురు పది డాలర్లు దిగినా ట్యాంకులో పోసే ఇంధనం దిగకపోవచ్చు. దీని మీద డాలర్ మారకం రేటు ఒకటి. చమురు డాలర్లలో కొనాలి, టికెట్లు స్థానిక కరెన్సీలో అమ్మాలి. కరెన్సీ బలహీనపడితే చమురు దిగిన లాభం అక్కడే ఆవిరి.

గాలిమర:

అంటే వాళ్ల దగ్గర ఎప్పుడూ ఒక కారణం సిద్ధంగా ఉంటుందన్నమాట. నేను చెప్పిందీ అదే!

పాత టికెటింగ్:

కారణం ఉండటం వేరు, కారణం నిజం కావడం వేరు, గాలిమర గారూ. చిట్టాపద్దు గారు చెప్పినవన్నీ నిజాలే. కాకపోతే అవి సర్‌చార్జి కదలికను వివరించవు.

నియంత్రణ వచ్చినప్పుడు ఏమైందో చూడండి. ఇంధన సర్‌చార్జి అని పిలిస్తే అది నిజమైన ఇంధన ఖర్చుకు తగ్గట్టు ఉండాలని 2012లో అమెరికా రవాణా శాఖ స్పష్టం చేసింది. సంస్థలు సర్‌చార్జి తగ్గించలేదు, పేరు మార్చాయి. ‘సంస్థ విధించే రుసుము’ అన్నాయి. ఇక అది ఇంధనానికి తగ్గట్టు ఉందా అని ఎవరు అడుగుతారు? 2015 జనవరిలో ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ ఇంధన సర్‌చార్జిని బేస్ ఫేర్‌లో కలిపేసింది. అప్పటికి చమురు సగానికి పడిపోయింది. ప్రయాణికుడు కట్టే మొత్తం మాత్రం ఆ మేరకు తగ్గలేదు. ఇండిగో 2023 అక్టోబరులో ఇంధన రుసుము పెట్టి, ఇంధనం ధర తగ్గిందంటూ 2024 జనవరిలో తీసేసింది. తీసేయడం మంచిదే. కానీ రుసుము పోయినంత మాత్రాన టికెట్ అంత చవకవుతుందన్న హామీ ఏదీ లేదు, బేస్ ఫేర్ రోజుకు పదిసార్లు మారుతుంది.

ఇప్పుడు కొత్త వరుసలూ వస్తున్నాయి. లుఫ్తాన్సా సంస్థలు 2025 నుంచి పర్యావరణ ఖర్చుల పేరిట 72 యూరోల దాకా విడిగా వసూలు చేస్తున్నాయి. ఐరోపాలో విమాన ఇంధనంలో 2 శాతం పర్యావరణహిత ఇంధనం కలపాలన్న నిబంధన ఆ ఏడాదే మొదలైంది. ఖర్చు నిజం. దాన్ని విడిగా చూపే అలవాటు పాతది.

నీలిగీత గారూ, మీ మైళ్ల విషయానికి వస్తాను. మైళ్ల టికెట్‌పై సర్‌చార్జి వేయని పథకాలు ఉన్నాయి. అమెరికా సంస్థ యునైటెడ్ పథకం వేయదు. ఎయిర్ కెనడా వారి ఏరోప్లాన్ 2020 నవంబరులో ఎత్తేసింది. ఒకే విమానంలో ఒకే సీటుకు ఏ పథకం మైళ్లు వాడుతున్నారన్నదాన్ని బట్టి మీరు కట్టే డబ్బు మారిపోతుంది. భాగస్వామ్య సంస్థల పథకాలు ఒకసారి చూడండి.

ఆగాలా వద్దా అంటే, మీరు చూస్తున్న సంస్థ పట్టిక ప్రచురిస్తుందో లేదో ముందు కనుక్కోండి. ప్రచురించే సంస్థ అయితే తర్వాతి గడువు రేటు ముందే ప్రకటిస్తారు. అది తక్కువైతే, సీట్లు ఉన్నాయనుకుంటే, ఆగండి. ఎక్కువైతే ఈ గడువు ముగిసేలోపే టికెట్ తీసుకోండి. లెక్కలోకి వచ్చేది ప్రయాణ తేదీ కాదు, టికెట్ జారీ అయిన తేదీ. పట్టిక లేని సంస్థ అయితే చమురు వార్తలు పక్కన పెట్టి, వేర్వేరు సంస్థల మొత్తం ధరలు పోల్చుకోండి.

కొన్నాక తేదీ మార్చుకునే అవకాశం ఉందనుకుంటే ఇదీ గుర్తుంచుకోండి. టికెట్ జారీ అయ్యాక సర్‌చార్జి పెరిగితే అదనంగా అడగరు, తగ్గితే తిరిగి ఇవ్వరు. కానీ మార్పు చేసి మళ్లీ జారీ చేయించుకుంటే ఆ రోజు అమల్లో ఉన్న రేటే పడుతుంది.