ఒంటారియోలో (కెనడా) లా క్లర్క్ ఉద్యోగం: కోర్సు చేయాలా, రిసెప్షన్‌లో చేరాలా?

ఇండియాలో ఎల్ఎల్‌బీ, సివిల్ కోర్టుల్లో నాలుగేళ్ల ప్రాక్టీసు. ఇక్కడ వర్క్ పర్మిట్ ఉంది. పారాలీగల్‌కి (చిన్న కేసుల్లో క్లయింట్ల తరఫున వాదించగలిగేవారు) లా సొసైటీ (లాయర్లకు లైసెన్సు ఇచ్చే సంస్థ) లైసెన్సు తప్పనిసరి, లా క్లర్క్‌కి (లాయర్ పర్యవేక్షణలో కాగితాలు, ఫైళ్లు చూసేవారు) అక్కర్లేదు. అందుకే దీనికే ప్రయత్నిస్తున్నాను.

నాలుగు నెలల్లో 60 దరఖాస్తులకు రెండే ఇంటర్వ్యూలు. అవి కూడా రెజ్యూమెలో 'అడ్వకేట్' తీసేసి, డ్రాఫ్టింగు, వాయిదాల డైరీ, ఫైలింగు అని పనుల్లా రాశాకే వచ్చాయి. రెండు చోట్లా ఒకే మాట: ఒంటారియో సివిల్ ప్రొసీజర్ రూల్స్ కింద పనిచేసిన అనుభవం లేదు. స్టేట్‌మెంట్ ఆఫ్ క్లెయిమ్ (దావా పత్రం, ఫారం 14ఎ), అఫిడవిట్ ఆఫ్ సర్వీస్ (కాగితాలు అందజేశామనే ప్రమాణపత్రం, ఫారం 16బి) కల్పిత కేసుతో నింపి, డిఫెన్సుకి (ప్రతివాది జవాబుకి) 20 రోజుల గడువు లెక్కేసి చూపించినా సరిపోలేదు. జీతం తక్కువైనా ఫర్వాలేదు, ఫైళ్లు చేతిలో పడాలి.

ఈ లోటు తీరాలంటే ఏడాది లా క్లర్క్ కోర్సు చేయాలా, చిన్న లా ఆఫీసులో రిసెప్షన్ నుంచి మొదలుపెట్టడం మేలా?