సాలూరు ఘాటులో బీటలు వారిన ఫాగ్ లైటు: సిమిలిగుడకు కొత్తగా వచ్చినవారి ప్రశ్న, మనవాళ్ల జవాబులు

ప్రశ్న, సిమిలిగుడ (ఒడిశా, కోరాపుట్ జిల్లా) నుంచి:

పెద్దలందరికీ నమస్కారం. బ్యాంకు ఉద్యోగంలో బదిలీ మీద రాజమహేంద్రవరం నుంచి ఈమధ్యే ఇక్కడికి వచ్చాను. సాలూరు దాటి కారులో ఘాటు ఎక్కుతుంటే ముందున్న లారీ చక్రం కిందినుంచి రాయి ఎగిరి, మంచులో దారి కనబడడానికి బంపరులో ఉండే ఎడమ ఫాగ్ లైటుకు తగిలింది. అద్దం అడ్డంగా బీట వారింది కానీ లైటు వెలుగుతోంది. సర్వీసు సెంటరులో అడిగితే బంపరు మొత్తం విప్పాలి, రెండు లైట్లూ మార్చాలి అన్నారు. టేపు అంటించుకుని నెట్టుకురావచ్చా? బీమా వస్తుందా? ఇక్కడ ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియదు, ఒడియా ముక్క రాదు.

జవాబు, సునాబెడ నుంచి:

బాబూ, భాష గురించి బెంగ వద్దు. జయపురం బజారులో స్పేర్ పార్టుల దుకాణాల్లో చాలాచోట్ల తెలుగు నడుస్తుంది. బేరం కూడా తెలుగులోనే ఆడవచ్చు, అక్కడివాళ్లు మనకంటే బాగా ఆడతారు.

ఇక లైటు సంగతి. నువ్వు బీటను చూసి కంగారు పడుతున్నావు కానీ ముందు చూడవలసింది అది కాదు. బండి ఆపి, ఇంజను చల్లారాక, ఆ లైటును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కదిపి చూడు. దాన్ని బంపరుకు బిగించే ప్లాస్టిక్ చెవులు వెనక ఉంటాయి. రాయి దెబ్బకు అద్దం పగిలిన చోట చాలాసార్లు ఒక చెవి కూడా విరుగుతుంది. అది విరిగితే గతుకు వచ్చినప్పుడల్లా లైటు తల ఊపుతుంది, వెలుగు ఎదుటివాడి కళ్లలోకి లేస్తుంది. అలాంటప్పుడు అద్దానికి ఎంత అతుకు వేసినా దండగ, లైటు మార్చుకోవడమే.

చెవులు గట్టిగా ఉంటే అద్దాన్ని గోటితో తట్టు. గాజైతే టింగుమంటుంది, ప్లాస్టిక్ అయితే మొద్దుగా పలుకుతుంది. గాజుకు అతుకు నిలవదు. లైటు వెలిగి వేడెక్కి ఉన్నప్పుడు గుంటలోని చల్లటి నీళ్లు పడితే చాలు, ఆ బీట పొడుగై ముక్క ఊడిపోతుంది.

అసలు శత్రువు తేమ. లోపల అద్దంలా మెరిసే గిన్నె మీద ఉండేది పలచని అల్యూమినియం పూత. బీటలోంచి నీళ్లు చేరితే ముందు మచ్చలు పడతాయి, తర్వాత పూత పొరలు పొరలుగా లేచిపోతుంది. అప్పుడు బల్బు వెలుగుతూనే ఉంటుంది, రోడ్డు మీద మాత్రం ఏమీ కనబడదు. ఇక్కడ చలికాలంలో రాత్రి బయట పెట్టిన బండి తెల్లారేసరికి కడిగినట్టు తడిసి ఉంటుంది. కాబట్టి పారదర్శకంగా ఉండే గట్టి టేపు వేసుకో, కానీ కొత్త లైటు వచ్చేదాకా మాత్రమే. టేపుతో చలికాలం గడుపుదామని అనుకోవద్దు.

జవాబు, జయపురం నుంచి:

సునాబెడ అన్నయ్య గారి మాట సగం ఒప్పుకుంటాను. వెంట్రుకవాసి బీట, అదీ ప్లాస్టిక్ అద్దానికైతే, అతికించుకోవచ్చు. లైటు బయటికి తీసి, బల్బు ఊడదీసి, లోపలి తేమ పూర్తిగా ఆరేదాకా నీడలో గాలికి పెట్టండి. బీట మీద స్పిరిట్‌తో తుడిచి, రెండు గొట్టాల్లో వచ్చే పారదర్శకమైన ఎపాక్సీ జిగురును సన్నగా పూసి, గట్టిపడేదాకా కదపవద్దు. లైటు వెనక గాలి ఆడడానికి చిన్న రంధ్రమో రబ్బరు గొట్టమో ఉంటుంది. దాన్ని కూడా సిలికాన్‌తో మూసేసేవాళ్లు ఉన్నారు, దాంతో లోపలి ఆవిరికి బయటికి దారి ఉండదు. ముక్క ఊడినా, బీట కొమ్మలు కొమ్మలుగా చీలినా మాత్రం మార్చేయండి.

రెండూ మార్చాలన్న మాట నమ్మవద్దు. రెండో లైటు అద్దం మసకబారకపోతే దాన్ని ముట్టుకోవలసిన పని లేదు. బంపరు విప్పడం కూడా అన్ని బండ్లకూ అవసరం రాదు. చాలా కార్లలో చక్రం ముందు ఉండే నల్లటి ప్లాస్టిక్ తొడుగు క్లిప్పులు రెండు మూడు తీసి పక్కకు వంచితే చెయ్యి లోపలికి పోతుంది. ఎడమ లైటు కోసం స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పి పెడితే చోటు దొరుకుతుంది. ఈ పనికి పెద్ద వర్క్‌షాపు ఎందుకు, ఆటో ఎలక్ట్రీషియను చాలు.

ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. ఫాగ్ లైట్లలో తరచుగా కనబడే బల్బుల్లో హెచ్ 8 అంటే 35 వాట్లు, హెచ్ 11 అంటే 55, హెచ్ 16 అంటే 19. మూడూ చూడడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకదాని చోట ఇంకొకటి పట్టకుండా అడుగున పళ్ల అమరిక మార్చారు. ఆ పన్నును ఆకురాయితో అరగదీసి, ఎక్కువ వెలుగు వస్తుందని 55 వాట్లది దూర్చే మహానుభావులు ఉన్నారు. ఆ వేడికి హోల్డరు మెత్తబడుతుంది, ప్లాస్టిక్ అద్దం మళ్లీ చిట్లుతుంది. పాత బల్బు మీద ఏమి రాసి ఉందో అదే అడగండి. బల్బు గాజును వట్టి చేత్తో పట్టుకోనివ్వకండి. చేతి జిడ్డు అంటిన చోట వేడి పేరుకుని త్వరగా మాడిపోతుంది.

జవాబు, బరంపురం నుంచి:

బీమా గురించి నేను చెబుతాను. మామూలు సమగ్ర పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగుదల కోస్తారు. గాజుకు కోత లేదు. ఏదైనా సరే, 1500 సీసీ లోపు కారుకు మొదటి 1000 రూపాయలు, అది దాటితే 2000 మీరే పెట్టుకోవాలి. అన్నిటికంటే నష్టం బోనస్ పోవడం. క్లెయిము లేని ఏడాదులకు 20 శాతంతో మొదలై 50 దాకా పెరిగే తగ్గింపు ఒక్క ఫాగ్ లైటు కోసం సున్నాకు వస్తుంది. బంపరు, రేడియేటరు కూడా దెబ్బతింటే ఆలోచించండి. లేకపోతే జేబులోంచి పెట్టుకోవడమే చవక.

మీ బండి ఆంధ్ర నంబరుదే కదా? 12 నెలలు దాటి ఇక్కడే ఉంచేటట్లయితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం ఒడిశా నంబరు తీసుకోవాలి. ఆంధ్ర రవాణా కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న) కాగితం ఇప్పటినుంచే కదిలించండి. అడగని విషయమే, కానీ కొత్తవాళ్లు దీని దగ్గరే చిక్కుకుంటారు.

మళ్లీ సిమిలిగుడ నుంచి:

అందరికీ ధన్యవాదాలు. కదిపి చూశాను, ఒక చెవి విరిగింది. మార్చడమే. ఎలాగూ మారుస్తున్నాను కనుక రెండు వైపులా పసుపు ఎల్‌ఈడీలు వేయిస్తే మంచును చీల్చుకుని పోతాయని ఆఫీసులో అంటున్నారు. నిజమేనా?

జవాబు, సునాబెడ నుంచి:

మంచును చీల్చే రంగు ఏదీ లేదు బాబూ. మంచు బిందువులు వెలుగు తరంగాల కంటే చాలా పెద్దవి. అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. పసుపులో నీలం తక్కువ కనుక కొందరి కళ్లకు హాయిగా ఉంటుంది, అంతే. ఫాగ్ లైటు పనిచేసేది రంగు వల్ల కాదు. అది కిందుగా ఉండి, పై అంచు కత్తిరించినట్టున్న వెలుగును వెడల్పుగా పరుస్తుంది. కళ్ల ఎత్తులో ఉన్న మంచుకు తగలకుండా రోడ్డు అంచు చూపిస్తుంది. హాలోజన్ బల్బు కోసం చేసిన గిన్నెలో ఎల్‌ఈడీ దూర్చితే ఆ అంచే చెదిరిపోతుంది. డిసెంబరులో దేవమాలి కొండ చూడడానికి వచ్చే బండ్లు చూస్తావుగా, పొట్టంగి మలుపుల్లో హై బీము వేసుకుని తెల్లటి గోడను తామే కట్టుకుంటారు.

కొత్త లైటు బిగించాక వెలుగు ఎత్తు సరిచూడకుండా బండి తీసుకోకు. సమంగా ఉన్న నేల మీద గోడకు 25 అడుగుల దూరంలో నిలిపి, లైటు మధ్యభాగం నేలనుంచి ఎంత ఎత్తులో ఉందో గోడమీద సుద్దముక్కతో గీయించు. వెలుగు పై అంచు ఆ గీతకు నాలుగు అంగుళాలు కిందుగా పడాలి. లైటు పక్కనో వెనకో చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే అంచు లేస్తుంది, దిగుతుంది. కుడి లైటు అంచు ఎక్కడ పడుతోందో దాంతో కూడా పోల్చి చూడు.

ఇంకొకటి, సుంకి వైపు ఆగిపోయిన లారీ వెనక రోడ్డు మీద చెట్టుకొమ్మలు, రాళ్లు పెడతారు. మంచులో నీ లైటు వెలుగు వాటిమీద పడేసరికి చాలా దగ్గరికి వచ్చేసి ఉంటావు. లైటు బాగుందని వేగం పెంచకు.

జవాబు, జయపురం నుంచి:

ఇక్కడ మీ మోడలుది దొరకకపోతే విశాఖలో తెలిసినవాళ్లతో కొనిపించి బస్సులో పార్సిలు వేయించుకోండి. ఆర్సీలోని చాసిస్ నంబరు ఫోటో తీసి పంపితే పార్టు నంబరు వాళ్లే చూసుకుంటారు. ఎడమ అంటే డ్రైవరు సీట్లో కూర్చున్నప్పటి ఎడమ. బండి ఎదురుగా నిలబడి చెబితే రెండో వైపుది వస్తుంది. విరిగిన చెవి పక్కన బంపరులో స్క్రూ పట్టే క్లిప్పు కూడా ఊడి ఉండవచ్చు, అది లైటుతో రాదు, విడిగా అడగాలి.